కంప్యూటరు కొనవలెనా? కూర్చుకొనవలెనా?

నగ చేయించుకొనదలచిన గృహస్థునికి పూర్వం ఒకటే మార్గం ఉండేది. ఇంటి కంసాలిని పిలిపించి, బంగారం తూచి ఇచ్చి, తరుగెంత, మజూరీ ఎంత అని తేల్చుకొని, వస్తువు చేతికి వచ్చేదాకా మధ్యమధ్య పోయి చూసి వచ్చేవాడు. తరువాత అద్దాల బీరువాలలో సిద్ధంగా అమర్చిన నగలు అమ్మే అంగళ్ళు వచ్చినవి. ధర చెప్పి, రసీదు వ్రాసి, మఖమలు పెట్టెలో పెట్టి ఇస్తారు. ఈ రెండింటిలో ఏది మేలన్న వాదం మన ఇళ్ళలో నేటికీ తెగలేదు. చేయించుకొన్న నగలో ఏమున్నదో మనకు తెలుసు. కొన్న నగకు అంగడివాని మాటా, ముద్రా ఆధారం. కాని చేయించుకొన్నదాని అతుకు ఊడితే ఆ కంసాలి ఊళ్ళో ఉండవలె గదా!

కంప్యూటరు విషయంలో నేటి గృహస్థుకు ఎదురయ్యే సమస్య అచ్చంగా ఇటువంటిదే. బల్లమీద పెట్టుకొని పనిచేసే కంప్యూటరును, అనగా డెస్క్‌టాప్‌ను, పేరున్న సంస్థవారు కట్టి, మూసి, పరీక్షించి పంపిన పెట్టెగా కొనవచ్చు. లేదా విడిభాగాలు ఏరి తెచ్చుకొని ఇంట్లో కూర్చుకొనవచ్చు. మొదటిదానిని బజారులో బ్రాండెడ్ అంటారు, రెండవదానిని అసెంబుల్డ్ అంటారు. మన పట్టణాలలో ఈ రెండవ మాటకు మరొక అర్థం రూఢి అయినది: భాగాలు మనం చెప్పితే, లేదా చెప్పకపోయినా, అంగడివాడే కూర్చి ఇచ్చే సిస్టమ్ అని. ఈ మధ్యేమార్గమే మనవారిలో చాలామంది త్రొక్కినది. ల్యాప్‌టాప్ సంగతి వేరు. దానిని ఇంట్లో కూర్చుకొనడం సాధారణులకు సాధ్యం కాదు గనుక ఈ ప్రసంగంలో దాని జోలికి మేము పోవడం లేదు.

ఇప్పుడీ ప్రశ్న ఎందుకంటారేమో. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సంస్థవారు విండోస్ 10కు సాధారణ మద్దతు ముగించినారు. తరువాతిదైన విండోస్ 11, టి.పి.ఎం. అనే భద్రతా సాధనపు 2.0 అంతరువు లేని పాత యంత్రాలను అధికారికంగా అంగీకరించదు. దానితో బాగా పనిచేస్తున్న యంత్రాలున్న ఇళ్ళలో కూడ, ఇక ఏమి చేయవలెనన్న చర్చ బయలుదేరినది. మధ్యతరగతి కుటుంబంలో కంప్యూటరు కొనడం అయిదారేళ్ళకొకసారి వచ్చే ఖర్చు. దానిమీద ఒక పిల్లవాని ఇంజనీరింగు చదువు ఆధారపడి ఉండవచ్చు. పెళ్ళి వీడియోలు కూర్చేవాని జీవనమో, చిన్న ఊళ్ళో డి.టి.పి. చేసి శుభలేఖలు అచ్చువేయించేవాని జీవనమో ఆధారపడి ఉండవచ్చు. ఎంపిక బెడిసికొడితే ఆ సంవత్సరమే మళ్ళీ కొనే శక్తి ఆ ఇంటికి ఉండదు. అందువల్ల ఇది కేవలం యంత్రప్రియుల వినోదం కాదు.

చరిత్ర చూస్తే, ఇంటి కంప్యూటరు పుట్టడమే విడిభాగాల మూటగా పుట్టినది. 1975 జనవరిలో అమెరికాలోని పాపులర్ ఎలెక్ట్రానిక్స్ అనే పత్రిక తన ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 అనే యంత్రాన్ని ప్రకటించినది. న్యూమెక్సికో రాష్ట్రంలో ఆల్బుకర్కీ పట్టణాన ఎడ్ రాబర్ట్స్ నడిపే మిట్స్ సంస్థ దానిని తయారుచేసినది. విడిభాగాల కిట్ ధర 397 డాలర్లు. కట్టి ఇవ్వవలెనంటే సుమారు నూరు డాలర్లు అదనం. తెర లేదు, కీబోర్డు లేదు. ముందువైపు స్విచ్చుల వరుస, మిణుకుమిణుకుమనే దీపాలు మాత్రమే. మొదట దానిలో ఉండే జ్ఞాపకస్థానం 256 బైట్లు. మన తెలుగులో కాస్త పొడుగైన వాక్యం ఒక్కటి దాచడానికి కూడ అది చాలదు. కొన్నవాడు టంకం వేసే సాధనం చేతబట్టి రాత్రులు కూర్చుని అతికించుకొనవలె. ఇంత శ్రమ ఉన్నా, కొన్ని వందలు అమ్ముడుపోతే చాలుననుకొన్న ఆ సంస్థకు వేలకొద్ది ఆర్డర్లు వచ్చిపడినవి. తన సొంత కంప్యూటరన్న మాటలో ఆ రోజులలో అంత ఆకర్షణ ఉండేది.

మరుసటి సంవత్సరం, 1976లో, స్టీవ్ వోజ్నియాక్ రూపొందించిన ఆపిల్-1 బోర్డును స్టీవ్ జాబ్స్ అమ్మబోయినప్పుడు, బైట్ షాప్ అనే దుకాణం యజమాని పాల్ టెరెల్ ఒక షరతు పెట్టినాడు. విడిభాగాలు తనకు వద్దు, అతికించి పనిచేయించి ఇస్తే ఒక్కొక్కటి 500 డాలర్ల చొప్పున 50 బోర్డులు తీసుకొంటానన్నాడు. టంకం వేసుకొనే ఓపిక అందరికీ ఉండదని ఆ వర్తకునికి ముందే తెలిసినది. అయినా పెట్టె, కీబోర్డు, విద్యుత్తు నిచ్చే భాగం కొన్నవాడే తెచ్చుకొనవలసి ఉండేది. 1977లో ఆపిల్-2, కమొడోర్ వారి పెట్, టాండీ వారి టి.ఆర్.ఎస్.-80 అనే మూడు యంత్రాలు వచ్చిన తరువాతనే, ఇంటికి తెచ్చి మీట నొక్కితే పనిచేసే కంప్యూటరు సామాన్యునికి దొరికినది.

ఇక నేటి మన విడిభాగాల బజారుకు మూలపురుషుడు 1981 ఆగస్టు 12న వెలువడిన ఐ.బి.ఎం. వారి పి.సి. ఆ సంస్థ త్వరపడి, తన సొంత భాగాలకు బదులు బజారులో దొరికే భాగాలతోనే దానిని కట్టినది. లోపలి నిర్మాణం వివరించే సాంకేతిక గ్రంథం కూడ ప్రకటించినది. ఇతరులు దానికి సరిపడే కార్డులు చేసినారు. పిదప కాంపాక్ మొదలైనవారు, ఐ.బి.ఎం. తనదిగా ఉంచుకొన్న బయోస్ అనే ప్రోగ్రామును కూడ నకలు చేయకుండా తాముగా మళ్ళీ వ్రాసుకొని, యంత్రం యావత్తును పోలిన యంత్రాలు చేసినారు. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అనే కొలతను నిర్ణయించినది. బోర్డుకు మరలు బిగించే బెజ్జాలు ఎక్కడ ఉండవలె, వెనుకవైపు రంధ్రాలు ఎక్కడ రావలె, విద్యుత్తు తీగల మొన ఎట్లుండవలె అన్నవి దానిలో ఉన్నవి. ఒక దేశంలో చేసిన మదర్‌బోర్డు మరొక దేశంలో చేసిన క్యాబినెట్‌లో బెజ్జానికి బెజ్జం సరిపోయి కూర్చుంటున్నదంటే ఆ ఏర్పాటే కారణం. బండిచక్రం కొలత ఊరికొక తీరుగా ఉంటే సంతలో చక్రాలు అమ్మేవాడు ఉండడు.

మన దేశానికి కూడ ఈ ప్రశ్న ఒకప్పుడు దేశప్రశ్నగా ఎదురైనది. కలకత్తాలోని భారత గణాంక సంస్థ 1955లో హెచ్.ఇ.సి.-2ఎం. అనే యంత్రాన్ని బ్రిటనునుంచి కొని తెచ్చినది. బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థవారు, మేమే కట్టుకొంటామని పూని, 1960 నాటికి టిఫ్రాక్ అనే యంత్రాన్ని పనిలోకి తెచ్చినారు. తెలుగునేలకు ఇందులో సంబంధం కలదు. పశ్చిమ గోదావరి జిల్లావాడైన అయ్యగారి సాంబశివరావుగారు, ఎ.ఎస్. రావుగా ప్రసిద్ధులు, 1967లో హైదరాబాదులో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్.కు సారథులైనారు. 1969లో వచ్చిన టి.డి.సి.-12 అనే కంప్యూటరు ఈ కృషి ఫలితమే. ఆ పేరులోని మొదటి అక్షరం అణుశక్తి పరిశోధనా కేంద్రం ఉన్న ట్రాంబేది. ఆ తరగతి యంత్రాలు ధరలోను, వేగంలోను విదేశీ యంత్రాలకు సరితూగినవని మేము అనము. కాని 1978లో ఐ.బి.ఎం. సంస్థ ఈ దేశం విడిచిపోయినప్పుడు, యంత్రం మూత విప్పడానికి జంకని ఇంజనీర్లు మనకు కొందరుండినారు. ఆ ఉండడానికి వెల కట్టడం కష్టం.

1984 నవంబరులో ప్రకటించిన కంప్యూటరు విధానంతో దిగుమతులు సులువైనవి. 1997లో మన దేశం సమాచార సాంకేతిక వస్తువుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరిన పిదప సుంకాలు క్రమంగా తగ్గిపోయినవి. విడిభాగాల బజారులు అప్పుడు పుంజుకొన్నవి. సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను, అందరూ సి.టి.సి. అనేదానిని, ఎరుగని కంప్యూటరు విద్యార్థి హైదరాబాదులో అరుదు. చెన్నైలోని తెలుగువారికి రిచీ వీధి, బెంగుళూరులోనివారికి ఎస్.పి. రోడ్డు అటువంటివి.

ఇక ధర సంగతి. అసెంబుల్డ్ సిస్టమ్ చవక అన్నమాట మనవారి నోళ్ళలో నిలిచిపోయినది. ఒకప్పుడది నిజమే. కాని ఎందుకు నిజమైనదో చెప్పడానికి పెద్దమనుషులు కొంచెం మొగమాటపడతారు. బిల్లు లేకుండా కొంటే పన్ను మిగిలేది. విండోస్‌ను డబ్బివ్వకుండా ఎక్కిస్తే దాని మూల్యం మిగిలేది. ఈ రెండూ తీసివేసి లెక్క కట్టితే ఆ చవకలో సగభాగం కరగిపోయేది. బ్రాండెడ్ యంత్రంతో విండోస్ అనుమతి సామాన్యంగా కలిసే వస్తుంది. కూర్చుకొనేవారు ఆ ఖర్చును తమ పట్టికలో వ్రాసుకొనవలె. లేదా ఉచితంగా లభించే లినక్సు వాడవలె. చదువుకొనే పిల్లలకు ఈ రెండవది చాలాసార్లు ఎక్కువ మేలు చేస్తుందని మా నమ్మకం.

న్యాయంగా పోల్చితే తేలేది ఇది. ఉత్తరాలు వ్రాయడం, లెక్కలు, బ్యాంకు పనులు, పాఠాలు వినడం మాత్రమే చేసే మామూలు యంత్రమైతే, వేలకొద్ది భాగాలు ఒక్కసారి కొనే పెద్ద సంస్థతో మనం పోటీపడలేము. బ్రాండెడే సమానంగానో, కొంచెం తక్కువగానో పడవచ్చు. గ్రాఫిక్స్ కార్డు వేసి ఆటలు, వీడియో కూర్పు, యంత్రశిల్ప చిత్రణ చేయవలసిన బలమైన యంత్రమైతే, సొంత కూర్పు అదే డబ్బుకు మంచి సరుకు ఇస్తుంది. దీనికి కూడ కాలం తోడు రావలె. 2020, 2021 సంవత్సరాలలో మహమ్మారివల్లను, క్రిప్టో నాణెముల వేటవల్లను గ్రాఫిక్స్ కార్డులు కరవైనప్పుడు, కార్డు ఒక్కదానిని వెదకి కొనడంకంటే అది ఉన్న యంత్రాన్నే కొనడం లాభంగా కనిపించిన సందర్భాలున్నవి. 2025 చివరి మాసాలలో, కృత్రిమ మేధ పనులకై కట్టే మహాకేంద్రాలు మెమరీని పీల్చివేయడంతో, ర్యామ్ ధర కొద్ది నెలలలోనే రెట్టింపుకు మించిపోయినది. పాత ధరకు నిలవ చేసుకొన్న సంస్థల పెట్టెలు అప్పుడు కొంతకాలం లాభించినవి. కాబట్టి నిరుడు పొరుగింటివారు ఏమి చేసినారన్నది ఈ ఏటి లెక్కకు పనికిరాదు. రెండు అంచనాలు ఒకే వారంలో వేయించవలె.

మూసిన పెట్టెలో ఏముంటుందో ఇప్పుడు చూతము. ప్రకటనలో ప్రాసెసర్ పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. ర్యామ్ 16 జి.బి. అని ఉంటుంది. ఆ పదహారూ ఒకే కడ్డీగా ఉన్నదా, ఎనిమిదేసి రెండు కడ్డీలుగా ఉన్నదా అని ఉండదు. రెండు కడ్డీలుంటే ప్రాసెసర్‌కు మెమరీతో రెండు దారులు ఏర్పడతవి. వేరుగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాలలో ఈ తేడా కంటికి కనిపించేటంతటిది. కొందరు పెద్ద తయారీదారులు ఏ.టి.ఎక్స్. కొలతను పక్కకు నెట్టి, తమకే చెల్లే ఆకారంలో బోర్డు, తమకే చెల్లే మొనలతో విద్యుత్తు భాగం పెట్టుతారు. గ్యారంటీ ఉన్నన్నాళ్ళు దానివల్ల బాధ లేదు. నాలుగవ యేట ఆ విద్యుత్తు భాగం కాలిపోతేనే కథ. బజారులో ఉన్న భాగమేదీ దానికి పట్టదు, వారి భాగమే కావలె, దాని ధర వారు చెప్పినదే.

అసెంబుల్డ్ పెట్టె నిర్దోషమని కాదు. దాని రోగం వేరు. అంగడిలో సామాన్యంగా జరిగే సంభాషణ వినండి.

“ఏమండీ, దీనికి ఎస్.ఎం.పి.ఎస్. ఏది పెట్టుతున్నారు?”

“అది క్యాబినెట్‌తోబాటే వస్తుంది సార్. నాలుగువందల యాభై వాట్లది. మీకేమీ చింత లేదు.”

చింత ఉండవలసినది సరిగా అక్కడనే. ఎస్.ఎం.పి.ఎస్. అంటే గోడనుంచి వచ్చే 230 వోల్టుల విద్యుత్తును 12 వోల్టులు మొదలైన చిన్న మోతాదులకు దించి ఇచ్చే భాగం. మన దేశంలో కూర్చే యంత్రాలలో ఎక్కువ నిర్లక్ష్యానికి గురి అయ్యేది ఇదే. కాలినప్పుడు తాను ఒక్కటే పోక ఒక్కొక్కప్పుడు బోర్డును, డిస్కును వెంటబెట్టుకొని పోయేదీ ఇదే. దాని పక్కన అంటించిన చీటీని చదవడం ప్రతివారూ నేర్చుకొనవలె. 12 వోల్టుల వరుసకు ఎదురుగా ఎన్ని ఆంపియర్లని ఉన్నదో చూసి దానిని 12తో గుణించండి. 18 ఆంపియర్లని ఉంటే వచ్చేది 216 వాట్లు. పైన 450 అని ఎంత లావు అక్షరాలతో ముద్రించినా, ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు అందేది ఆ 216 మాత్రమే. 80 ప్లస్ అనే పరీక్ష ముద్ర ఉన్న భాగాన్ని, పేరున్నవారిదాన్ని, విడిగా కొనడం మంచిది. ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగినా సరే, దీనిలో దిగవద్దని మేము గట్టిగా చెపుతాము.

గ్యారంటీ అన్నది ఇంకొక చిక్కుముడి. బ్రాండెడ్ యంత్రానికి ఒకటే బిల్లు, ఒకటే ఫోను నంబరు. ఆగిపోతే ఏ భాగం పోయినదో కనిపెట్టే బాధ వారిది. కూర్చుకొన్నదానిలో ఏడెనిమిది భాగాలకు ఏడెనిమిది గడువులు. ప్రాసెసర్‌కు మూడేళ్ళు, ర్యామ్‌కు అంతకెక్కువ, క్యాబినెట్ పంకాకు ఏడాది, ఇట్లా. పోయిన భాగమేదో ముందు మనం తేల్చి, ఆ భాగాన్ని ఆ సంస్థ కేంద్రానికి పంపి, వచ్చేదాకా ఎదురుచూడవలె. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారికి ఇది ఒక పూట తిరుగుడు. సోంపేటలోనో ఆసిఫాబాదులోనో ఉన్నవారికి ఒకటి రెండు రోజుల ప్రయాణం. అయితే దీనికి రెండవ ముఖం కూడ ఉన్నది. గడువులు తీరిన తరువాత, మండల కేంద్రంలో చిన్న గదిలో కూర్చుని కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడు అసెంబుల్డ్ యంత్రాన్ని ఆ సాయంత్రమే లేపగలడు. సామాన్యమైన భాగాలు గనుక అతని దగ్గర పాతవో కొత్తవో ఉంటవి. తనదైన ఆకారంగల బ్రాండెడ్ బోర్డు ముందు అతడు చేతులెత్తుతాడు. మొదటి మూడేళ్ళు నిశ్చింతగా ఉండవలెననుకొనేవారికి ఒకటి, ఎనిమిదేళ్ళు లాగవలెననుకొనేవారికి మరొకటి అనుకూలమని దీనివల్ల తేలుతున్నది. మన ఇళ్ళలో రెండవ తరగతివారే ఎక్కువ.

ప్రాసెసర్ కొనేటప్పుడు పెట్టెలో సీలుతో ఉన్నదే తీసుకొనవలె. ట్రే అని విడిగా అమ్మేది కొద్దిగా తక్కువకు వస్తుంది. దానికి తయారీదారు కొన్నవానికి నేరుగా బాధ్యుడు కాడు, అమ్మినవాడే బాధ్యుడు. ఇది ఎంతటి విషయమో 2024లో తెలిసినది. ఇంటెల్ వారి 13, 14 తరముల ప్రాసెసర్లలో కొన్ని అస్థిరంగా ప్రవర్తించడంతో ఆ సంస్థ గ్యారంటీని మరి రెండేళ్ళు పొడిగించినది. పెట్టెతో కొన్నవారు ఇంటెల్‌నే అడుగగలిగినారు. తయారైన యంత్రాలు కొన్నవారు ఆ యంత్రం కట్టినవారిని అడుగవలసి వచ్చినది.

కూర్చుకొనేవారికి ఉన్న అసలైన లాభం మరొకటి, యంత్రాన్ని అంచెలంచెలుగా పెంచుకొనగలగడం. ఏ.ఎం.డి. వారి ఏ.ఎం.4 అనే సాకెట్ ఉన్న బోర్డు 2017లో కొన్నవారు, బయోస్ మార్చుకొని, 2022లో వెలువడిన ప్రాసెసర్‌ను చాలా బోర్డులలో అదే చోట అమర్చుకొనగలిగినారు. అన్ని సాకెట్లకూ ఇంత ఆయుర్దాయం ఉండదు. డి.డి.ఆర్.4 ర్యామ్ డి.డి.ఆర్.5 గాడిలో పట్టదు, గంటు వేరుచోట ఉంటుంది. కొనేముందు ప్రాసెసర్‌కు ఏ సాకెట్, బోర్డుకు ఏ ర్యామ్ అన్నది బోర్డు తయారీదారు ఇచ్చే జాబితాలో సరిచూసుకొనడం జాతకాలు చూపించుకొనడంవంటిది. ఇక్కడ మాత్రం పొంతన తప్పితే శాంతి చేయించినా కుదరదు.

కూర్చడం కష్టమా అని అడుగుతారు. నేడు టంకం అక్కరలేదు. ఒక స్క్రూడ్రైవరు, మంచి వెలుతురు, ఒక పూట తీరిక చాలు. మిక్సీ విప్పి కడిగి మళ్ళీ బిగించే గృహిణికి దీనిలో భయపడవలసినదేమీ లేదు. పెట్టెలోని భాగం తాకేముందు క్యాబినెట్ లోహాన్ని తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును వదలించుకొనవలె. మాఘ, ఫాల్గుణ మాసాల పొడిగాలిలో సింథటిక్ చీరలు చిటచిటలాడే చోట్ల ఇది మరీ ముఖ్యం. ప్రాసెసర్ మూలనున్న త్రికోణపు గుర్తును సాకెట్ గుర్తుతో కలిపి, నొక్కకుండా, తన బరువుతోనే దిగేటట్లు ఉంచవలె. సాకెట్‌లోని సూదులు వెంట్రుకవంటివి. వంగితే బోర్డే పోయినట్లు. దానిపైన బఠాణీగింజంత థర్మల్ పేస్ట్ చాలు, నెయ్యివలె దండిగా పూయనక్కరలేదు. ర్యామ్ కడ్డీలు రెండైతే, నాలుగు గాళ్ళున్న బోర్డులలో సాధారణంగా ప్రాసెసర్ వైపునుంచి రెండవదానిలోను, నాలుగవదానిలోను పెట్టవలె. టిక్కుమన్న శబ్దం వినిపించేదాకా నొక్కవలె. మొదటిసారి చేసేవారు బోర్డు విరుగుతుందేమోనని ఇక్కడనే చెయ్యి వెనుకకు తీస్తారు. బోర్డు కింద ఇత్తడి కాళ్ళు, అవే స్టాండాఫులు, బెజ్జాలకు సరిగా ఉన్నవో లేవో చూడకుండా మరలు బిగిస్తే బోర్డు వెనుకభాగం క్యాబినెట్‌కు తగిలి షార్ట్ అవుతుంది. 24 సూదుల పెద్ద మొన అందరికీ కనిపిస్తుంది. బోర్డు పైమూలన ప్రాసెసర్‌కు వేరుగా ఇచ్చే 8 సూదుల మొనను చాలామంది మరచిపోతారు.

డి.డి.ఆర్.5 ర్యామ్ ఉన్న యంత్రం మొదటిసారి వెలిగించినప్పుడు తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండవచ్చు. మెమరీని సరిచూసుకొనే పని లోపల జరుగుతుంటుంది. ఇది తెలియక, చచ్చిపోయినదని హడలి, మీట ఆపి, అన్నీ విప్పి, మళ్ళీ కట్టేవారున్నారు. కాఫీ త్రాగివచ్చి చూడవలె. అప్పటికీ బొమ్మ రాకపోతే, మానిటర్ తీగ గ్రాఫిక్స్ కార్డుకు తగిలించినామా, అలవాటుకొద్దీ బోర్డుకు తగిలించినామా అని చూడవలె.

కొన్నా, కూర్చుకొన్నా తప్పనిది ఒకటి కలదు. క్యాబినెట్‌మీద చెయ్యి వేస్తే జివ్వుమంటున్నదని మన ఇళ్ళలో తరచు వింటాము. యంత్రం చెడినదని అంగడికి మోసుకొనిపోతారు, అక్కడ జివ్వుమనదు. కారణం ఇంటి గోడలో ఉన్నది. ఎస్.ఎం.పి.ఎస్. లోపల ఉండే వడపోత కెపాసిటర్లవల్ల, ఎర్తు తీగ లేని సాకెట్‌లో క్యాబినెట్ లోహానికి సుమారు సగం వోల్టేజి, అతి స్వల్పమైన కరెంటుతో, చేరుతుంది. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంతమాత్రాన మూడవ రంధ్రం వెనుక తీగ ఉన్నదనుకొనరాదు. పాత ఇళ్ళలో చాలాచోట్ల అది ఉత్త అలంకారమే. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తు గుంత సంగతి చూపించిన తరువాతనే యంత్రం ఇంటికి తేవలె. యు.పి.ఎస్. కొనేటప్పుడు కూడ దానిమీది 600 వి.ఏ. అన్న అంకెను వాట్లుగా భ్రమపడవద్దు. అటువంటివి సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే.

ఇంతకూ మీరేది చేయమంటారని సూటిగా అడిగేవారికి మా సమాధానం సూటిగానే చెపుతాము. ఇంట్లో మూత విప్పి చూడగలవారెవరూ లేకపోతే, యంత్రం ఒక్కరోజు ఆగినా జీవనం ఆగిపోయేదైతే, మూడేళ్ళపాటు ఇంటికి వచ్చి బాగుచేసే షరతు గల బ్రాండెడ్ కొనండి. ఆ షరతు మీ ఊరికి వర్తిస్తుందో లేదో వ్రాతలో తీసుకొనండి. పది పన్నెండేళ్ళు దాటిన కుతూహలమున్న పిల్లలుంటే, బలమైన యంత్రం కావలసి ఉంటే, కూర్చుకొనండి. పిల్లలచేతనే కూర్పించండి. అంగడివానిచేత కూర్పించేటట్లయితే, భాగాల జాబితా మీరు వ్రాసి తీసుకొనిపోండి. ‘దానికంటే మంచిదే ఇది’ అని అతడు పేరు మార్చినప్పుడల్లా, ఎందుకు మంచిదో అడగండి. నిజమైన వర్తకుడు విసుగుకొనక చెపుతాడు. మీ ఎదుటనే పెట్టెలు విప్పించండి.

బిల్లులో ‘కంప్యూటరు ఒకటి’ అని మాత్రం వ్రాయించుకొనవద్దు. ప్రతి భాగం పేరు, దాని సీరియల్ నంబరు, జి.ఎస్.టి.తో సహా, వరుసగా వ్రాయించవలె. ప్రాసెసర్, బోర్డు, గ్రాఫిక్స్ కార్డు వచ్చిన అట్టపెట్టెలను, చోటు తినివేస్తున్నవని ఇంట్లోవారు ఎంత సణిగినా, మూడేళ్ళు అటకమీద ఉంచండి. భాగాన్ని పంపవలసి వచ్చిననాడు ఆ పెట్టెమీది నంబరునే ముందు అడుగుతారు.